అమ్మ కూతురా, నాన్న కూతురా

కర్నూలు హోటళ్ల మీద నాకొక ఫిర్యాదుంది. గోడకు బోర్డు ఉంటుంది, బోర్డు మీద టిఫిన్ల పేర్లు వరసగా రాసి ఉంటాయి, కానీ దాన్ని చదివే తీరిక మనకు ఇవ్వరు. కూర్చున్న మరుక్షణం ఒకాయన భుజాన గుడ్డతో వచ్చి, మన వైపు కాకుండా వీధి వైపు చూస్తూ, "ఇడ్లీ వడ పూరీ పొంగలి ఉగ్గాణి దోసె" అని ఒక్క ఊపిరిలో అప్పజెప్తాడు. అంతా అయ్యాక మన చెవిలో మిగిలేది దోసె ఒక్కటే. "దోసె" అంటాం. వస్తుంది, తింటాం. చెయ్యి కడుక్కునేటప్పుడు పక్క బల్ల మీది బొరుగుల ఉగ్గాణి కనబడి, నాకు కావలసింది అది కదా అని గుర్తొస్తుంది. కర్నూలులో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను ఇట్లా దోసెల మీదే బతికాను. నాకు దోసె పెద్ద ఇష్టమేమీ కాదు.

మాది బేతంచెర్ల. నేల కింద బండ, నేల మీద పాలిషు పట్టిన బండ, గాలిలో బండల పొడి. డిగ్రీ చదివినందుకు ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి వెనక్కి వచ్చి మా నాన్న దుకాణంలోనే కూర్చున్నాను. బండల ఫ్యాక్టరీలకు కావలసిన కోత బ్లేళ్లు, పాలిషు రాళ్లు, బెల్టులు, నట్లు బిగించే పానాలు అమ్ముతాం. దుకాణం వెనకే ఇల్లు. మా అమ్మాయికి రెండేళ్లు నిండాక సాయంత్రాలు దాన్ని తెచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి. అల్లరి చేసేది కాదు. ఏడ్చేది కాదు. ఒక పెట్టెడు వాషర్లు ముందు పోస్తే వాటిని పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చి, చెరిపి, మళ్లీ పేర్చేది. వచ్చినవాళ్లు "ఏం బుద్ధిమంతురాలప్పా" అనేవారు. నేను వినయంగా తల ఊపేవాణ్ణి, నా పోలికే అన్నట్టు.

మా వైపు చిన్నపిల్ల కనబడితే ముందు పేరు అడగరు. "అమ్మ కూతురా, నాన్న కూతురా?" అని అడుగుతారు. లారీ డ్రైవరైనా, బ్యాంకు మేనేజరైనా ఇదే ప్రశ్న. వరస కూడా మారదు. అమ్మ ముందు, నాన్న వెనక. అప్పటికి మా అమ్మాయికి పది మాటలు కూడా రావు. అయినా ఈ ప్రశ్న వినబడగానే తల ఎత్తకుండానే, స్పష్టంగా, "నాన్న కూతురా" అనేది.

చివర ఆ దీర్ఘం కూడా అట్లాగే ఉండేది. గారం అనుకున్నాను.

అడిగినవాళ్లకు టీ తెప్పించేవాణ్ణి. ఊరు చిన్నది, కొన్నాళ్లకు కొనేదేమీ లేకపోయినా వచ్చి ఆ ప్రశ్న అడిగి, టీ తాగి పోయేవాళ్లు తయారయ్యారు. ఒక లారీ డ్రైవరైతే లారీకి బండలెత్తే రోజుల్లో రోజుకు రెండుసార్లు అడిగేవాడు. "నీకేం తక్కువప్పా, ఆడబిడ్డ నీ పార్టీలో ఉండాది" అనేవాడు. నిజంగా అప్పట్లో నాకేమీ తక్కువ లేదు. పెళ్లిలోనూ, చదువులోనూ, వ్యాపారంలోనూ నన్ను ఎవరూ ఎంచుకున్నది లేదు; ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నేను ఉన్నాను. ఇన్నాళ్లకు ఒకరు, రోజుకు పదిసార్లు, సాక్షుల ఎదుట నన్ను ఎంచుకుంటున్నారు.

ఇంకొన్ని సంగతులు కూడా నేను నా లెక్కలోనే వేసుకున్నాను. దానికి నీళ్లు కావాలంటే అడిగేది కాదు. వచ్చి నా మణికట్టు పట్టుకుని, కుండ దాకా లాక్కుపోయి, నా చేతిని గ్లాసు మీద పెట్టేది. ఫ్రిజ్ తలుపు మీద పెట్టేది. మొహం వైపు చూసేది కాదు. నా చెయ్యి వదలదు చూడు అని అందరికీ చెప్పుకున్నాను. దుకాణంలో పానాలు అమ్మేవాణ్ణి, ఇంట్లో నేనే పానాను అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఎదురింటి పిల్లవాడు మా దాని ఈడువాడే. వాడు రోజంతా వేలు చూపిస్తూనే ఉండేవాడు. లారీ వస్తే వేలు, కుక్క వస్తే వేలు, పైన విమానం పోతే వేలు. చూపించి, వాళ్ల నాన్న చూశాడా లేదా అని వెనక్కి తిరిగి చూసేవాడు. మా అమ్మాయి ఎన్నడూ నాకు ఏదీ చూపించలేదు. లారీని ఒంటరిగా చూసుకునేది. అది హుందాతనం అనుకున్నాను.

మా ఆవిడ అనుకోలేదు. ఒక రోజు అన్నం కలుపుతూ అంది:

"ఈ పాప నన్ను చూడదండీ. నా చేతిలో ఉండేదాన్ని చూస్తాది."

"నేనూ అంతే గదా," అన్నాను. "నీ చేతిలో కాఫీ ఉంటే కాఫీనే చూస్తా."

ఆమె నవ్వలేదు. నా జోకులకు ఆమె నవ్వకపోవడం కొత్తేమీ కాదు కాబట్టి పట్టించుకోలేదు.

"పేరు పెట్టి పిలిస్తే తిరగదు. బిస్కెట్ పొట్లం చప్పుడైతే అవతలి గదిలోంచి వస్తాది. చెవుడైతే కాదు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని గోడకు అంటుకుపోతాది. కర్నూలుకు పోయి చూపిద్దాం."

"ఏమని చూపిద్దాం? బుద్ధిమంతురాలని చూపిద్దామా?"

మా అమ్మ నా పక్షం. "వీడు గూడా మూడేండ్ల దాకా నోరు తెరవల్యా," అంది. "ఇప్పుడు మూయమన్నా మూయడు. ఊరికే దిగులు పడాకు." దిగులు పడవద్దని చెప్తూనే వస కొమ్ము అరగదీసి తేనెతో నాకించింది. గుళ్లో గంట కడిగిన నీళ్లు తెచ్చి తాగించింది. పక్క వీధి సాయిబుల ఇంటావిడతో చెప్పి తాయెత్తు కట్టించింది. వస ఘాటుకు పిల్ల వాంతి చేసుకుంది; తాయెత్తు తాడు ఒరుసుకుని మెడంతా దద్దు లేచింది. గంట నీళ్లు మాత్రం ఏ హానీ చెయ్యలేదు.

మూడేళ్లు నిండిన నెలలో కోయిలకుంట్ల నుంచి మా అక్క వచ్చింది. ముగ్గురు పిల్లల్ని పెంచినావిడ, పైగా నన్ను కూడా కొంతవరకు పెంచిందని చెప్పుకుంటుంది. దుకాణంలోకి వచ్చి కూర్చుని, నేను మురిసిపోతున్న తీరు చూసి ఒళ్లు మండిందో ఏమో, మరదలి తరఫున వకాల్తా పుచ్చుకుంది.

"ఏం పాపా, నాన్న కూతురా, అమ్మ కూతురా?"

"అమ్మ కూతురా," అంది మా అమ్మాయి, వాషర్ల మీంచి తల ఎత్తకుండా.

అక్క పడీ పడీ నవ్వింది. "చూస్తివా, మేనత్త కనబడితే నిజం బయటికొచ్చె. ఇన్నాళ్లూ నీకు భయపడి చెప్తాండాది."

నేనూ నవ్వాను. అక్క లోపలికి పోయాక నేను నా పాత వరసలో అడిగాను. నాన్న కూతురా, అంది. అక్క వరసలో అడిగాను. అమ్మ కూతురా, అంది. దుకాణంలో ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. నాకు అప్పటికే తెలిసిపోయింది, కానీ తెలిసిందాన్ని తెలియనట్టు చేసుకోవడానికి ఇంకొక్కసారి అడిగాను.

"నాన్న కూతురా, గ్రైండర్ కూతురా?"

"గ్రైండర్ కూతురా."

పెద్ద వాషరు ఒకటి తీసి వరసలో మొదట పెట్టింది. వరస సరిగానే ఉంది.

ఆ తర్వాత నేను చేసిన పని గురించి రాయడానికి నాకు సరదాగా లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. దుకాణానికి వచ్చినవాళ్లు ఎప్పటి వరసలోనే అడిగారు, పిల్ల ఎప్పటి జవాబే చెప్పింది, నేను టీ తెప్పించాను. మూడు నెలలు. ఎవరైనా నాన్నను ముందు పెట్టి అడగబోతే మధ్యలో మాట కలిపి మార్చేసేవాణ్ణి. ఆ మూడు నెలల్లో దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉండవచ్చు. అంతకు ముందు ఏడాదంటే తెలియదని చెప్పుకోవచ్చు. ఆ మూడు నెలలకు మాత్రం నా దగ్గర వంక లేదు.

చివరికి మా ఆవిడే ఒక సోమవారం, జోకు వెయ్యడానికి చోటివ్వకుండా, "రేపు కర్నూలుకు పోతాండాం. బస్సు ఏడింటికి" అంది. సరేనన్నాను.

పిల్లల డాక్టరమ్మ పెద్దావిడ. పిల్లను పరీక్ష చెయ్యడం కంటే మమ్మల్ని అడగడమే ఎక్కువ చేసింది. పిలిస్తే చూస్తుందా? వేలితో చూపిస్తుందా? కావలసింది కాకపోయినా, ఊరికే చూడమని మీకు ఏదైనా తెచ్చి చూపిస్తుందా? వేరే పిల్లల్ని చూసి ఆడుతుందా? నేను మొదటి రెండింటికి సరదాగా జవాబు చెప్పాను. ఆమె కళ్లద్దాల మీంచి చూసింది.

"మీరు ఆగండి. అమ్మా, మీరు చెప్పండి. అడిగిన మాటనే తిరిగి చెప్తుందా?"

"ఆఖరి మాట చెప్తాది మేడం," అంది మా ఆవిడ. "ఏది ఆఖరున పెట్టి అడిగితే అది చెప్తాది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

డాక్టరమ్మ ఆటిజం అనే మాట చెప్పింది. అంతకు ముందు ఆ మాట ఎక్కడో చదివాను, మనది కాని ఊరి వాతావరణం గురించి చదివినట్టు. ఇది రోగం కాదంది. పెంపకంలో లోపం కాదు, ఫోను చూపించినందుకు వచ్చింది కాదు, ఎవరి దృష్టీ తగల్లేదు. ఈ పిల్ల లోకాన్ని వేరే తీరున అందుకుంటుంది. ఆ తీరు ఏమిటో మీరు నేర్చుకోవాలి, మీ తీరు దానికి నేర్పాలి. ఆడపిల్లలు నెమ్మదిగా కూర్చుంటే బుద్ధిమంతురాలని వదిలేస్తారు, అందుకే ఆలస్యంగా తీసుకొస్తారు అని కూడా అంది. మాత్ర ఉందా అని అడిగాను. లేదంది. మరేముందంటే, "ఓపిక ఉంది, మాట నేర్పేవాళ్లు ఉన్నారు. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది" అంది. ఎంత ముందు అన్న దగ్గర నేను కిటికీలోంచి బయటికి చూశాను.

బస్టాండులో పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని బస్సు కోసం కాచుకున్నాం.

"నీకెప్పట్నించి తెలుసు?"

"ఏది?"

"ఆఖరి మాట సంగతి."

చెంగుతో పిల్ల మూతి తుడిచింది. "రెండేండ్లప్పుడు. నాకు మాత్రం ఆశ ఉండదా? మీరు దుకాణంలో ఉన్నప్పుడు తిప్పి అడిగినా. అమ్మ కూతురా అన్నాది. ఎత్తుకుని వంటింట్లో శానాసేపు ఏడ్చినా. సంతోషంతోనే. మళ్ల ఒగసారి ఇందామని అడిగినా. ఈసారి వరస మర్చిపోయి మామూలుగా అడిగినా. నాన్న కూతురా అన్నాది. అప్పుడు తెల్సింది."

"ఏడాది దాటింది. నాకేమిటికి చెప్పలేదు?"

"మీరు టీలు పంచుతాంటిరి గదా."

బస్సు వచ్చింది. నా మూడు నెలల సంగతి నేను అప్పుడూ చెప్పలేదు. ఆమెకు తెలుసనుకుంటాను. ఆమెకు తెలియనివి ఇంట్లో పెద్దగా ఏమీ ఉండవు.

వారానికి రెండుసార్లు కర్నూలు ప్రయాణం మొదలైంది. మాట నేర్పే అమ్మాయి కడప పిల్ల, నాకంటే పదిహేనేళ్లు చిన్నది, నాకంటే బాగా గట్టిది. మొదటి రోజే చెప్పింది: "ప్రశ్న అడిగినాక పది లెక్కపెట్టండి సార్. నోటితో కాదు, మనసులో. పాపకు మాట లోపలికి పోయి, బయటికి రావడానికి అంతసేపు పడుతుంది. మనం ఆగం గదా, ఇంకో ప్రశ్న అడిగేస్తాం. అప్పుడు పాప మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాల."

నేను పదిహేను రోజులు ప్రయత్నించి మూడు దాటలేకపోయాను. నాలుగు దగ్గరికి వచ్చేసరికి నోట్లోంచి ఏదో ఒక మాట పడేది.

"పాపతో ఏం కష్టం లేదు సార్," అంది ఆ అమ్మాయి. "మీతోనే."

ఆఖరి మాట అలవాటు తప్పించడానికి ఆమె చెప్పిన ఉపాయం మా అమ్మకు అసలు నచ్చలేదు. పిల్లకు ఇష్టమైనదీ, ఇష్టం లేనిదీ రెండూ చేతుల్లో పట్టుకుని చూపిస్తూ అడగాలి. ఇష్టమైనది ముందు, ఇష్టం లేనిది ఆఖరున. ఏది చెప్తే అది ఇచ్చెయ్యాలి. జాలిపడి మార్చి ఇవ్వకూడదు. మా ఇంట్లో అది బిస్కెట్టూ, కాకరకాయా.

"బిస్కెట్టా, కాకరకాయా?"

"కాకరకాయా."

కాకరకాయ ఇచ్చేవాళ్లం. చేతిలో పచ్చి కాకరకాయతో నిలబడి దానికేసి చూసేది. కోపం వచ్చేది, విసిరికొట్టేది. మళ్లీ రెండూ చూపించేవాళ్లం, మళ్లీ అడిగేవాళ్లం. ఆ వేసవిలో మా ఇంట్లో నలిగినన్ని కాకరకాయలు కూరగాయల అంగట్లో కూడా ఉండి ఉండవు. "పసిబిడ్డకు కాకరకాయ చేతికిచ్చే తల్లిదండ్రుల్ని యాడా చూడల్యా," అని మా అమ్మ వీధి అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పింది.

గోడ మీద ఫోటోలు అంటించాం. లేవడం, స్నానం, టిఫిన్, దుకాణం, కర్నూలు బస్సు, అన్నం, పడక. ఏ రోజు వరస ఆ రోజు ఉదయం పెట్టేవాళ్లం. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే దానికి సగం ఏడుపు తగ్గింది. నాకు కూడా కొంత తగ్గింది.

రెండు నెలలు దాటాక ఒక ఉదయం, నేను పళ్లు బిగబట్టి లెక్కపెడుతున్నాను. ఏడు దగ్గర మా అమ్మాయి, "బిస్కెట్టు" అంది.

దీర్ఘం లేదు. అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది.

మా ఆవిడ బిస్కెట్టు దాని చేతిలో పెట్టి, నెమ్మదిగా వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. మా అమ్మ అరుగు మీంచే, "గంట నీళ్ల మహిమ" అంది. కాదనేవాళ్లు ఎవరూ దొరకలేదు.

దానికి ఆరేళ్లప్పుడు కడపలో మా బావమరిది పెళ్లి జరిగింది. మేళం చప్పుడు తట్టుకోలేదని తెలుసు. మా దుకాణంలో బండకోత పనివాళ్ల కోసం తెప్పించిన చెవి కప్పులు డజను, ఎవరూ కొనక, ఏళ్లుగా దుమ్ము పట్టి ఉన్నాయి. మా పనివాళ్లు చెవులు పోగొట్టుకుంటారు గానీ కప్పులు పెట్టుకోరు. ఒక చిన్నది ఏరి, తుడిచి, పిల్లకు పెట్టాం. సరిగ్గా సరిపోయింది. ఒక పెద్దాయన వచ్చి, "ఏం పాట వింటాందప్పా పాప?" అన్నాడు.

"ఏ పాటా లేదు పెద్దనాయనా. అదే వింటాంది."

మేళం గడిచింది గానీ పట్టుపావడా గడవలేదు. ఉదయం మా ఆవిడ ఎర్రదా, పచ్చదా అని అడిగింది. ఎర్రది, అంది పిల్ల. అడిగింది కదా, చెప్పింది కదా అని మేమిద్దరం సంతోషించాం. తాళి కట్టే వేళకు పట్టు ఒంటికి ఒరుసుకోసాగింది. చెప్పడం చేతగాక పిల్ల పావడా లాగేసుకుని, కింద పడి, మండపం అదిరేటట్టు ఏడ్చింది. మా ఆవిడ పెద్దమ్మ ఒకావిడ, అందరికీ వినబడేటట్టు, "రెండు తగిలిస్తే సరిపోతాది. ముద్దు జేసి చెడగొట్టినారు" అంది. పిల్లను నా తువ్వాలులో చుట్టి ఎత్తుకుని వంటవాళ్ల షెడ్డు వెనక కూర్చున్నాను. మా ఆవిడ తమ్ముడి పెళ్లి చూడకుండా పక్కనే కూర్చుంది.

అక్కడికి మా ఆవిడ చిన్నాన్న వచ్చాడు. మంచివాడు. ఏం మాట్లాడాలో తెలియక, వంగి, పిల్ల గడ్డం పట్టుకుని, "ఏం తల్లీ, అమ్మ కూతురివా, నాన్న కూతురివా?" అన్నాడు.

అది ఆయన చేతిని తోసేసి, వాషరు ఒకటి జేబులో ఉంటే తీసి, దాని రంధ్రంలోంచి ఆకాశం చూసుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట విని చాలా కాలమైందని. దుకాణానికి వచ్చేవాళ్లు పిల్ల సంగతి తెలిసి అడగడం మానేశారు. మేము కాకరకాయలతో ఆ అలవాటును పూర్తిగా తుడిచేశాం. అందుకే కదా అంత కష్టపడ్డాం. దాని నోట "నాన్న కూతురా" అన్న మాట ఆఖరిసారి ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు. ఆఖరిదని తెలిసి ఉంటే టీతో పాటు ఏదైనా తెప్పించి ఉండేవాణ్ణి.

ఫోనులో ఒక వీడియో ఉంది. కొద్ది సెకన్లదే. లారీ డ్రైవరు అడుగుతాడు, అది చెప్తుంది, నేను నవ్వుతాను. నా నవ్వే పెద్దగా వినబడి, దాని మాట సగం మునిగిపోయింది. గిరాకీ లేని వేళ చూస్తుంటాను. అది అబద్ధమని తెలుసు. అబద్ధం కూడా కాదు, గోడకు కొట్టిన బంతి వెనక్కి వచ్చినట్టు. అయినా ఆ బంతి నా ఒళ్లోనే పడేది కదా, అన్నాళ్లూ.

పెళ్లి నుంచి వచ్చాక జరిగింది చెప్తే, కడప అమ్మాయి తల పట్టుకుంది. "తప్పు మాది సార్. రెండిట్లో ఒకటి చెప్పడం నేర్పినాం. రెండూ నచ్చకపోతే ఏం చెప్పాలో నేర్పల్యా. పట్టుపావడాలు రెండూ గుచ్చుకుంటే పాప ఏం చేస్తాది?"

అట్లా మా అమ్మాయి "రెండూ వద్దు" నేర్చుకుంది. బిస్కెట్టుకు రెండు నెలలు పట్టింది, దీనికి వారం కూడా పట్టలేదు. అప్పటి నుంచి ధారాళంగా వాడుతోంది. పప్పా, సాంబారా? రెండూ వద్దు. తల దువ్వుకుంటావా, జడ వేసుకుంటావా? రెండూ వద్దు. అవ్వ ఒడిలోనా, మేనత్త ఒడిలోనా? దీనికి జవాబు విని మా అక్క ఒక పూట అన్నం మానేసింది.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. బడికి పోతోంది. గోడ పక్క బెంచీలో, ఫ్యాను కింద కాకుండా, టీచరు గంట కొట్టడానికి ముందు చెప్పే ఏర్పాటుతో. మాటలు తక్కువే. ఉన్న మాటలు మాత్రం దానివే. కర్నూలుకు నెలకు ఒకసారి పోతే చాలంటున్నారు.

పోయిన నెల మా ఆవిడ కడపకు పోయింది, నేనూ అమ్మాయీ ఇద్దరమే కర్నూలు పోయాం. పని ముగిశాక ఆకలంటే, నేను చదువుకునే రోజుల్లో తిన్న హోటలుకే తీసుకుపోయాను. చెవి కప్పులు మెడలో వేలాడుతున్నాయి. సర్వరు మారాడు, గుడ్డ మారలేదు. వీధి వైపు చూస్తూ, "ఇడ్లీ వడ పూరీ పొంగలి ఉగ్గాణి దోసె" అన్నాడు.

నేను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, మనసులో లెక్కపెట్టాను. సర్వరు బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకున్నాడు.

"ఎంతసేపప్పా?"

"ఎనిమిది," అన్నాను. అతనికి అర్థం కాలేదు.

"పూరీ," అంది మా అమ్మాయి.

మధ్యలో ఎక్కడో ఉన్న పూరీ. అంత వరసలోంచి వెతికి తీసుకుంది. నేను మూడేళ్లు కాలేజీ చదివి చెయ్యలేని పని. సర్వరు నా వైపు తిరిగాడు. "నీకు?"

"దోసె," అన్నాను.

అతను పోయాడు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. అది వంటింటి తలుపు వైపు చూస్తోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నూనె వాసన వస్తోంది. నాకేం బుద్ధి పుట్టిందో తెలియదు. మూడేళ్లుగా దాచుకున్నది ఆ రోజు ఆగలేదు. ఇప్పుడైతే దానికి ఎంచుకోవడం తెలుసు. ఇప్పుడు చెప్తే అది బంతి కాదు. అమ్మ పేరు చెప్పినా నాకు ఫర్వాలేదు, నిజంగా చెప్తే చాలు అనుకున్నాను. అనుకుంటూనే, పాత అలవాటు ఏమైనా మిగిలి ఉంటే నాకు కలిసి వస్తుందని, పాత వరసలోనే అడిగాను.

"పాపా. అమ్మ కూతురా, నాన్న కూతురా?"

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు. ఐదు. పక్క బల్ల మీద ఎవరిదో ఉగ్గాణి పొగలు కక్కుతోంది. తొమ్మిది. పది. ఆగలేదు, పదకొండు కూడా లెక్కపెట్టాను. అది వంటింటి తలుపు మీంచి చూపు తిప్పి, ఒక్క క్షణం సూటిగా నా మొహంలోకి చూసింది.

"రెండూ వద్దు. పూరీ."